ఆహారాన్ని తాకే పదార్థాలు: పని బల్లనూ పిండి పొర పొట్లాన్నీ సురక్షితంగా రూపొందించుకునే విధానం

ఆత్రేయపురంలో పూతరేకులు తీసే పొయ్యి దగ్గర కాసేపు నిలబడితే, ఈ వ్యాసంలో చెప్పదలచిన రెండు సంగతులూ ఒక్కచోటే కనిపిస్తాయి. బోర్లించిన కుండ లోపల మంట ఉంటుంది. నానబెట్టి రుబ్బి పల్చగా కలిపిన బియ్యప్పిండి నీళ్లలో గుడ్డను ముంచి, రెండు చేతులతో సాగదీసి పట్టుకుని, కుండ వీపు మీదుగా ఒక్కసారి లాగుతారు. గుడ్డ దాటిన మరుక్షణంలో నీరు ఆవిరైపోయి, కాగితం కన్నా పల్చని పొర అంచుల దగ్గర లేస్తుంది. దాన్ని వేళ్లతో ఒలిచి పక్కన పెట్టి, మళ్లీ గుడ్డ ముంచుతారు. కుండ వీపు నున్నగా ఉండి, నూనె పట్టి ఉంటేనే ఆ పొర చిరగకుండా వస్తుంది. గరుకు తేలిన చోట పిండి అంటుకుపోతుంది, తర్వాతి రేకు సరిగ్గా అక్కడే తెగుతుంది.

ఆహారం తయారయ్యే ఉపరితలం ఎలా ఉండాలో ఆ కుండ చూపిస్తుంది. పిండి పదార్థం నుంచి పొర ఎలా పుడుతుందో ఆ రేకు చూపిస్తుంది. అయితే ఆ రేకును ఉన్నదున్నట్టుగా ప్యాకింగ్‌కు వాడలేము, ఎందుకంటే అది ఎండితే చిట్లుతుంది, తేమ తగిలితే మెత్తబడి ముద్దవుతుంది. ఆ రెండు లోపాలను తగ్గించి దాన్ని పొట్లంగా మలచడం ఎలాగో, దానికన్నా ముందు ఆహారాన్ని తయారుచేసే బల్లను నమ్మదగినదిగా చేసుకోవడం ఎలాగో చిన్న యూనిట్లు నడిపేవారికీ, డ్వాక్రా సంఘాలకూ, ఫుడ్ టెక్నాలజీ విద్యార్థులకూ పనికొచ్చేలా వివరిస్తాను. రెండింటికీ కొలమానం ఒక్కటే: ఆహారంలోది ఏదీ ఆ పదార్థం మీద మిగిలిపోకూడదు, ఆ పదార్థంలోది ఏదీ ఆహారంలోకి దిగకూడదు. అమ్మేవారి మాటతోనో, పైన అంటించిన ముద్రతోనో తృప్తిపడకుండా, మీరు తయారుచేసే ఆహారంతోనే ఈ కొలమానాన్ని పరీక్షించి చూసుకోవాలి.

బల్ల మీద ఏ స్టీలు వేయాలి

మామిడికాయ పచ్చడి తయారుచేసే యూనిట్‌ను ఉదాహరణగా తీసుకుందాం, ఎందుకంటే స్టీలుకు అంతకన్నా కఠినమైన పరీక్ష వంటశాలలో మరొకటి లేదు. ఉప్పులోని క్లోరైడు, మామిడికాయలోని పులుపు కలిసి స్టీలు మీద పనిచేస్తాయి. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టకపోవడానికి కారణం దాని మీద తనంతట తాను ఏర్పడే క్రోమియం ఆక్సైడు పొర. కొన్ని నానోమీటర్ల మందం మాత్రమే ఉండే ఆ పొర గీత పడినా, గాలి తగిలితే తిరిగి ఏర్పడుతుంది. కానీ క్లోరైడు ఒకేచోట గంటల తరబడి నిలిచిపోతే ఆ పొరను చిల్లు పొడిచి, లోపలికి సూది మొనంత గుంటను తొలుస్తుంది. ఉప్పు జాడీని ఏళ్ల తరబడి ఒకేచోట ఉంచిన బల్లను కడిగి, ఏటవాలు వెలుతురులో చూడండి. జాడీ అడుగు ఆకారంలోనే గోధుమ రంగు చుక్కల వలయం ఒకటి కనిపిస్తుంది. వేలితో తడిమితే ఆ చుక్కలు చేతికి తెలియకపోవచ్చు, కానీ ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొడవుండే బ్యాక్టీరియాకు ఒక్కొక్కటీ ఒక బావి వంటిది.

అందువల్ల బల్ల చేయించే ముందు గ్రేడు తేల్చుకోవాలి. 304 గ్రేడులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెలు ఉంటాయి. 202 గ్రేడులో నికెలు తగ్గించి ఆ స్థానంలో మాంగనీసు కలుపుతారు కనుక ధర తక్కువ, తుప్పును తట్టుకునే శక్తి కూడా తక్కువ. 316 గ్రేడులో అదనంగా 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, క్లోరైడు వేసే గుంటలను అడ్డుకునేది అదే. పిండి, పప్పు, స్వీట్లు చేసే చోట 304 సరిపోతుంది. ఊరగాయ కలిపే బేసిన్లకూ, ఉప్పునీటి తొట్లకూ ఖర్చు ఎక్కువైనా 316 వేయించమనే నా సలహా.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు అయస్కాంతంతో పరీక్షించడం. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలు అని దుకాణాల్లో చెబుతుంటారు. 304 లాగానే 202 కూడా అయస్కాంతానికి అంటుకోదు కనుక ఆ పరీక్ష ఈ రెండింటినీ వేరు చేయలేదు. రేకు కొన్నప్పుడు మిల్లు టెస్టు సర్టిఫికెట్ అడగండి, దాని మీది హీట్ నంబరు, అంటే ఒక విడతగా కరిగించిన స్టీలుకు మిల్లు ఇచ్చే సంఖ్య, రేకు మీది నంబరుతో కలుస్తుందో లేదో చూడండి. 316ను గుర్తించే మాలిబ్డినం పరీక్ష ద్రావణాలు కూడా మార్కెట్లో దొరుకుతాయి, ఒక్క చుక్కతో తేలిపోతుంది.

గ్రేడు తర్వాత నునుపు. ఆహారం తాకే ఉపరితలపు సగటు గరుకుదనం, అంటే ఆర్‌ఏ విలువ, 0.8 మైక్రాన్లకు మించకూడదన్నది పరిశుభ్ర పరికరాల రూపకల్పనలో ప్రపంచమంతటా పాటించే కొలత. కోల్డ్ రోలింగ్ చేసి వచ్చే 2బి ఫినిష్ రేకు సాధారణంగా ఈ హద్దులోపలే ఉంటుంది. అందం కోసం గీతల పాలిష్ వేయించినప్పుడు, వాడిన ఎమెరీ ముతకదైతే ఆ గీతలే పిండి, నూనె దాగే కాలువలవుతాయి. మెరుపు వేరు, నునుపు వేరు.

అసలు ప్రమాదం రేకులో కన్నా అతుకుల్లో ఎక్కువ. ఆర్గాన్ వెల్డింగ్ చేయించండి, అతుకు పొడవునా ఆపకుండా వేయించండి, అక్కడక్కడా టాకాలు వేసి మధ్యలో సిలికాన్ పూసి వదిలేయనివ్వకండి. లోపలి మూలలు లంబకోణంలో కాకుండా, కనీసం 6 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో గుండ్రంగా తిరగాలి. వెల్డింగ్ పక్కన నీలం, గోధుమ రంగుల్లో కనిపించే చారలు చూడటానికి రంగు మరకల్లా ఉన్నా, ఆ చార కింద స్టీలులో క్రోమియం తగ్గిపోయి ఉంటుంది కనుక తుప్పు మొదట అక్కడే పుడుతుంది. ఆ రంగును సన్నని ఎమెరీతో పూర్తిగా తీయించి, ఆ తర్వాత రక్షణ పొర తిరిగి బలంగా ఏర్పడేలా నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) ద్రావణంతో ప్యాసివేషన్ చేయాలి. బరువు ప్రకారం 4 నుంచి 10 శాతం నిమ్మ ఉప్పు కలిపిన నీటిని, 21 నుంచి 49 డిగ్రీల మధ్య, కనీసం 20 నిమిషాలపాటు ఆ ఉపరితలం ఆరిపోకుండా తడిపి ఉంచి, తర్వాత మంచినీటితో బాగా కడగాలి. అంతకుముందే నూనె జిడ్డు పూర్తిగా వదిలించకపోతే ఆమ్లం లోహాన్ని తాకదు. జిడ్డు పోయిందో లేదో తెలియడానికి నీళ్లు చల్లి చూడండి: నీరు ఏకపొరగా పరుచుకుంటే పోయినట్టు, ముత్యాల్లా విడిపోతే ఇంకా ఉన్నట్టు. చివరగా అతుకుల మీద తడి గుడ్డ ఒక రోజంతా పరిచి ఉంచి, తీసి ఆరనిచ్చి, తుప్పు చుక్కలు తేలాయేమో చూసుకుంటే పని పూర్తవుతుంది.

ఇత్తడి, రాగి పాత్రల ప్రస్తావన కూడా చేయాలి. రాగి సూక్ష్మజీవులను చంపుతుందన్నది నిజమే. కానీ పులుపు తగిలితే రాగి ఆహారంలోకి దిగుతుంది, అందుకే చింతపండు పులుసు ఇత్తడి గిన్నెలో కాచాలంటే మన పెద్దలు ముందు కళాయి వేయించేవారు. తగరంతో వేసే ఆ పూత అరిగిపోయి లోపలి లోహం రంగు తేలగానే కళాయివాడి కోసం ఎదురుచూసేవారు. ఉపరితల పూతలో ఉండవలసిన జాగ్రత్త అంతా అందులోనే ఉంది: పూత ఏది, ఎప్పుడు అరుగుతుంది, అరిగిన సంగతి కంటికి ఎలా తెలుస్తుంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు లేని కొత్త పూతను వంట బల్లకు వేయకూడదు. వెండి కణాలు కలిపిన సూక్ష్మజీవి నిరోధక పూతలు ఇప్పుడు విరివిగా అమ్ముతున్నారు. వాటికి చూపే ఐఎస్ఓ 22196 పరీక్ష సుమారు 35 డిగ్రీల వేడిలో, తేమ నిండిన వాతావరణంలో, 24 గంటలపాటు బ్యాక్టీరియా ద్రవాన్ని పూత మీద ఉంచి చేసేది. మీ బల్ల మీద పూతకూ బ్యాక్టీరియాకూ మధ్య నూనె, పిండి, ఆరిన పులుసు ఉంటాయి. కాబట్టి ఆ పూతను కడగడానికి అదనంగా మాత్రమే లెక్కించాలి, కడగడానికి బదులుగా ఎన్నడూ లెక్కించకూడదు.

కడగడంలో వరుస ముఖ్యం. ముందు నీళ్లతో ముద్దలు పోవాలి, తర్వాత సబ్బుతో జిడ్డు పోవాలి, మళ్లీ నీళ్లు, ఆ తర్వాతే క్లోరిన్. మురికి మీద పోసిన క్లోరిన్ మురికితోనే చర్య జరిపి అయిపోతుంది, బ్యాక్టీరియాకు మిగలదు. 5 శాతం సోడియం హైపోక్లోరైట్‌ను లీటరు నీటికి 4 మిల్లీలీటర్ల చొప్పున కలిపితే 200 పీపీఎం (పది లక్షల పాళ్ల నీటికి 200 పాళ్లు) వస్తుంది, అంతకు మించి అవసరం లేదు. రెండు నిమిషాలు ఉంచి, నీరు జారిపోయేలా చేసి ఆరనివ్వాలి. ఎక్కువ వేస్తే మంచిదని చిక్కగా కలిపి రాత్రంతా వదిలేస్తే, ఆ క్లోరైడే తెల్లవారేసరికి స్టీలును తినడం మొదలుపెడుతుంది. ఇనుప పీచుతో రుద్దడం మరో తప్పు, ఎందుకంటే విరిగిన ఇనుప ముక్కలు స్టీలులో గుచ్చుకుని అవే తుప్పు పడతాయి.

ఇంత పట్టుబట్టడానికి కారణముంది. బ్యాక్టీరియా ఉపరితలానికి అంటుకుని తన చుట్టూ జిగురు గూడు కట్టుకుంటే, దాన్ని బయోఫిల్మ్ అంటారు, ఆ గూటిలోకి మందు తేలికగా దూరదు. లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరుగుతుంది. 2017, 2018 సంవత్సరాల్లో దక్షిణాఫ్రికాలో నేరుగా తినే మాంసపు ఉత్పత్తుల ద్వారా అది వ్యాపించి, వెయ్యిమందికి పైగా జబ్బుపడ్డారు, రెండు వందల మందికి పైగా చనిపోయారు. వారిలో పసికందులు ఎందరో ఉన్నారు.

పిండి పొరను తయారుచేయడం

ఇక పొట్లం. ముడిసరుకుగా కర్రపెండలం పిండిని ఎంచుకోవడం మనకు సులువు. కాకినాడ జిల్లాలో పెద్దాపురం, సామర్లకోట ప్రాంతాల సగ్గుబియ్యం మిల్లుల వల్ల అది మనకు దగ్గరలోనే దొరుకుతుంది, రంగూ వాసనా తక్కువ, పొర నిగనిగలాడుతూ వస్తుంది. 100 మిల్లీలీటర్ల నీటికి 5 గ్రాముల పిండి, 1.5 గ్రాముల ఆహార స్థాయి గ్లిజరిన్ తీసుకోండి. చల్లటి నీటిలోనే పిండిని ఉండలు లేకుండా కలిపి, ఆపకుండా తిప్పుతూ వేడి చేయండి. 65, 70 డిగ్రీల దగ్గర తెల్లటి నీళ్లు ఉన్నట్టుండి చిక్కబడి, గాజులా పారదర్శకం కావడం కంటికి స్పష్టంగా తెలుస్తుంది. గంజి కాచేవారికి ఆ క్షణం చిరపరిచితమే. అక్కడితో ఆపకుండా 85 డిగ్రీల దగ్గర మరో 20 నిమిషాలు ఉంచితేనే పిండి రేణువులన్నీ విచ్చుకుంటాయి. లేకపోతే ఎండిన పొరలో తెల్లటి చుక్కలు మిగులుతాయి, పొర సరిగ్గా ఆ చుక్కల దగ్గరే తెగుతుంది.

బుడగలు పైకి తేలేంతవరకూ కాస్త ఆగి, మట్టానికి సరిచూసిన అక్రిలిక్ పళ్లెంలో పోయండి. ఎంత పోస్తే ఎంత మందం వస్తుందో లెక్క కట్టుకోవచ్చు. ఈ పాళ్లలో 100 మిల్లీలీటర్లకు 6.5 గ్రాముల ఘనపదార్థం ఉంటుంది. దాన్ని 20 సెంటీమీటర్ల చదరపు పళ్లెంలో పోస్తే, ఎండాక సుమారు 115 మైక్రాన్ల మందం పొర మిగులుతుంది. సగం పోస్తే మందమూ సగమే. పళ్లెం మట్టం తప్పితే ఒక అంచు మందంగా, మరో అంచు పల్చగా వస్తుంది కనుక, స్క్రూ గేజితో అయిదు చోట్ల కొలిచి చూసిన పొరనే తర్వాతి పరీక్షలకు వాడండి. 40, 45 డిగ్రీల వేడిలో రాత్రంతా ఆరబెట్టాలి. ఎండలో పెడితే పైభాగం ముందే బిగుసుకుని పొర ముడుచుకుపోతుంది. తీసే ముందు కొన్ని గంటలు మామూలు గది గాలికి వదిలేస్తే కాస్త తేమ పీల్చుకుని చక్కగా ఒలుస్తుంది. పూర్తిగా ఎండినదాన్ని తొందరపడి లాగితే చేతికి ముక్కలే మిగులుతాయి. నా మొదటి పళ్లేలన్నీ అలాగే పోయాయి.

గ్లిజరిన్ చేసే పని పిండి గొలుసుల మధ్య దూరి, వాటిని ఒకదానికొకటి గట్టిగా పట్టుకోనివ్వకపోవడం. పూతరేకులో లేనిది అదే. పిండి బరువులో 20 శాతం కన్నా తక్కువైతే పొర పెళుసుగానే ఉంటుంది, 40 శాతం దాటితే జిగురుగా మారి ఒకదానికొకటి అంటుకుంటాయి. 30 శాతంతో మొదలుపెట్టి, మీ ప్రాంతపు గాలిలో తేమను బట్టి అటూ ఇటూ జరపండి. వేసవిలో హైదరాబాదులో బాగున్న పొర కాకినాడ వర్షాకాలంలో జారిపోతుంది.

ఇంకొక చిక్కు ఉంది. రాత్రి మిగిలిన అన్నాన్ని ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి గట్టిపడటం మనకు తెలిసినదే. అన్నంలోని పిండి గొలుసులు మళ్లీ వరుసకట్టి బిగుసుకోవడం వల్ల అలా జరుగుతుంది. మన పొరలో కూడా అదే మార్పు నెమ్మదిగా సాగుతుంది. ఒలిచిన రోజున చేతికి మెత్తగా వంగిన పొర నెల తర్వాత వంచితే పుటుక్కుమనవచ్చు. కాబట్టి మొదటి రోజు, 15వ రోజు, 30వ రోజు అదే పొరను వంచి చూసి రాసుకోనిదే ఏ పాళ్లనూ ఖాయం చేయకండి.

తేమను ఆపడానికి తేనెమైనాన్ని కలపవచ్చు. మైనం కరిగిన వేడిలోనే, నీటినీ కొవ్వునూ విడిపోకుండా కలిపి ఉంచే లెసిథిన్ కలిపి, గట్టిగా చిలికితేనే అది పొరలో సమంగా పరుచుకుంటుంది. పొర కాస్త మసకబారుతుంది, అయినా ఆ మార్పును ఒప్పుకోవచ్చు. సూక్ష్మజీవులను అడ్డుకోవడానికి పరిశోధకులు ఎక్కువగా వాడేది కైటోసాన్. రొయ్యల పొట్టు నుంచి వచ్చే ఈ పదార్థానికి, దేశంలోనే అత్యధికంగా రొయ్యలు పండించే ఆంధ్ర తీరంలో ముడిసరుకుకు కొదవ లేదు. ఒక శాతం ఎసిటిక్ ఆమ్లంలో ఒక శాతం కైటోసాన్‌ను కరిగించి, పిండి ద్రావణంతో కలిపి పోస్తారు. అయితే పొట్టు నుంచి దాన్ని తీయడానికి 40, 50 శాతం గాఢత గల వేడి కాస్టిక్ సోడా కావాలి, అది చర్మాన్నీ కళ్లనూ క్షణాల్లో కాల్చేస్తుంది కనుక, ఇంట్లోనో షెడ్డులోనో ప్రయత్నించకుండా ఆహార స్థాయి కైటోసాన్‌నే కొనుక్కోండి. ఇంకో మాట కూడా నిక్కచ్చిగా చెప్పాలి. అది రొయ్య నుంచి వచ్చినది. రొయ్యలు పడని వారికీ, శాకాహారులకూ ఆ సంగతి తెలియాలి. స్వీట్ల పొట్లానికి దాన్ని వాడి, ఆ విషయం ప్యాకెట్ మీద రాయకుండా ఊరుకోవడం కొనేవారిని మోసగించడమే. నేనైతే స్వీట్లకు కైటోసాన్ లేని పొరనే ఎంచుకుంటాను.

పొరను పరీక్షించడం

నీటి ఆవిరి ఎంత దూరుతుందో కొలవడానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. వెడల్పు మూతి గల చిన్న గాజు సీసాలో ఎండబెట్టిన సిలికా జెల్ వేసి, మూతి మీద పొరను పరిచి, అంచులను కరిగించిన మైనంతో మూసేయండి. మూత ఉన్న పెద్ద డబ్బా అడుగున ఉప్పును కొద్ది నీటితో తడి ముద్దగా చేసి పెడితే, లోపలి గాలిలో తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది, ఇది సంతృప్త ఉప్పు ద్రావణానికి ఉన్న గుణం. సీసాను ఆ డబ్బాలో ఉంచి, రోజూ ఒకే వేళకు 0.01 గ్రాము వరకూ చూపే త్రాసు మీద తూచండి. బరువు పెరిగినంత నీరు పొరను దాటినట్టు. పక్కనే పాలిథిన్ కాగితం కట్టిన మరో సీసాను, అల్యూమినియం ఫాయిల్ కట్టిన ఇంకో సీసాను ఉంచండి. ఫాయిల్ సీసా బరువు కూడా పెరిగితే మైనం అతుకులోనే లీకు ఉన్నట్టు. పిండి పొర పాలిథిన్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ఆవిరిని వదులుతుంది, మైనం కలిపాక కూడా. ఆ నిజాన్ని ఒప్పుకుని, దానికి తగిన ఆహారాన్నే ఎంచుకోవాలి.

నూనె విషయంలో మాత్రం పిండి పొర బాగా నిలుస్తుంది. జంతికను పొరలో చుట్టి కింద తెల్ల కాగితం పెట్టి, మూడు రోజుల తర్వాత కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూడండి, నూనె మరక ఉందో లేదో కనిపిస్తుంది. అందువల్ల పూతరేకులు, జంతికలు, మినప సున్నుండలు వంటి పొడి పదార్థాలకు, నెయ్యి నూనెలు ఉన్నవాటికి, కొద్ది రోజుల్లో అమ్ముడుపోయేవాటికి లోపలి చుట్టుగా ఇది సరిపోతుంది. ఊరగాయకూ, పెరుగుకూ ఎట్టి పరిస్థితిలోనూ సరిపోదు. ఊరగాయను గాజు సీసాలోనే అమ్మండి.

పదార్థంలోంచి ఆహారంలోకి ఏమి దిగుతుందో తేల్చేది మైగ్రేషన్ పరీక్ష. ప్లాస్టిక్ ప్యాకింగ్ నుంచి ఆహారంలోకి చేరే మొత్తం పదార్థం కిలోకు 60 మిల్లీగ్రాములు లేదా చదరపు డెసీమీటరుకు 10 మిల్లీగ్రాములు మించకూడదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో తెచ్చిన ప్యాకేజింగ్ నిబంధనలు చెబుతున్నాయి. ఐఎస్ 9845 అనే భారతీయ ప్రమాణం ప్రకారం నీరు, 3 శాతం ఎసిటిక్ ఆమ్లం వంటి నమూనా ద్రవాల్లో పదార్థాన్ని ఉంచి దీన్ని కొలుస్తారు. అమ్మకానికి వెళ్లేముందు గుర్తింపు పొందిన ల్యాబులో ఈ పరీక్ష చేయించడం తప్పదు. పొర ఒక్కటే కాక, దాని మీది సిరా, అతికించిన జిగురు కూడా ఆహారం వైపు రాకుండా చూసుకోవాలి. అచ్చు వేసిన వార్తాపత్రిక కాగితంలో ఆహారాన్ని చుట్టడాన్ని అవే నిబంధనలు నిషేధించాయి. బజ్జీల బండి దగ్గర ఇప్పటికీ అదే కాగితం కనిపిస్తుంటే మనసు చివుక్కుమంటుంది.

మట్టిలో కలిసిపోవడం అంటే ఏమిటి

2021లో తిరుమల లడ్డూ కౌంటర్ల దగ్గర, డీఆర్‌డీఓకు చెందిన హైదరాబాదులోని అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ లేబొరేటరీ రూపొందించిన మొక్కజొన్న పిండి ఆధారిత సంచుల అమ్మకం మొదలైంది. అలాంటి సంచులు చూశాక బజారులో ప్రతి సంచీ మీదా ఆకు బొమ్మ వెలుస్తోంది. బొమ్మను కాదు, ఐఎస్ 17088 ప్రమాణం అన్న మాటనూ, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన ధ్రువపత్రం సంఖ్యనూ వెతకండి. ఆ ప్రమాణం ప్రకారం సుమారు 58 డిగ్రీల వేడిలో కంపోస్టులో ఉంచినప్పుడు, 180 రోజుల్లోపు అందులోని కర్బనంలో 90 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా మారాలి. 58 డిగ్రీలు అన్న అంకెను గమనించండి. అది పెద్ద కంపోస్టు గుట్ట లోపలి వేడి, మన పెరటి మట్టి వేడి కాదు. మొక్కల పిండి నుంచి తయారుచేసే పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్‌తో చేసిన కప్పు ఆ గుట్టలో కరిగిపోతుంది, కాలువలో పడితే ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది.

మీ పిండి పొరను మీరే మట్టిలో పరీక్షించవచ్చు. 5 సెంటీమీటర్ల చదరపు ముక్కలను తూచి, దోమతెర గుడ్డ సంచుల్లో కట్టి, పెరటి మట్టి నింపిన కుండీలో చేతి లోతున పాతిపెట్టండి. మట్టి తడిగా ఉండాలి, ముద్దగా కాదు. పోలికకు అచ్చు లేని తెల్ల కాగితం ముక్కను, పాలిథిన్ ముక్కను, అడ్డాకు విస్తరి ముక్కను కూడా పాతండి. 15 రోజులకు ఒకసారి ఒక్కో సంచిని తీసి, మట్టి దులిపి, ఆరబెట్టి తూచండి. కాగితం కూడా చెక్కుచెదరకుండా ఉంటే లోపం మీ పొరది కాదు, ఆ మట్టిలో జీవం లేదు. మరో మట్టితో మళ్లీ మొదలుపెట్టండి. పొర కనిపించకుండా పోవడం ఒక్కటే చాలదు, చిన్న ముక్కలుగా విరిగి తెర కన్నాల్లోంచి జారిపోయినా కనిపించదు. అందుకే చివరి నిర్ధారణకు ప్లాస్టిక్ పరీక్షలు చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీపెట్ వంటి వాటి ల్యాబుకు పంపాలి.

విస్తరి ముక్కను ఊరికే పాతమనలేదు. ఈనెపుల్లలతో కుట్టిన అడ్డాకు, మోదుగాకు విస్తళ్లకు పొరలూ జిగురూ గ్లిజరినూ ఏవీ అక్కర్లేదు. ఒకే పూట వాడి పారేసేదానికి ఆకు చాలినప్పుడు ఆకునే వాడండి. పిండి పొరను ఆకు చేయలేని పనికి, అంటే పూతరేకును విడివిడిగా చుట్టి, పెట్టెలో సర్ది, వారం రోజుల ప్రయాణానికి పంపే పనికి దాచుకోండి. అలా పంపే ముందు పది పూతరేకులను పొరలో చుట్టి, అయిదింటిని గదిలో, అయిదింటిని ఉప్పు ముద్ద పెట్టిన ఆ డబ్బాలో ఉంచండి. మూడో రోజున, ఏడో రోజున ఒక్కో రేకును విప్పి, పొర రేకుకు అంటిందా, రేకు కరకరలాడుతోందా, బూజు చుక్క ఉందా అని చూసి, తేదీతో సహా పుస్తకంలో రాయండి. ఏడో రోజుకు డబ్బాలోవి మెత్తబడితే మైనం పాలు పెంచి, కొత్త పళ్లెం పోయండి.